కత్తీ టేపూ

మార్చి 3,
తోట షెడ్డు

చిరంజీవి బామ్మర్దికి,

మీ బావ దీవించి రాసేది. మేమంతా క్షేమమని మొదలుపెట్టాలి కానీ, ఇక్కడ మేమంతా అంటే నేనూ, నా కత్తీ, పళ్ళ పెట్టెల మధ్య వేసుకున్న మడతమంచమూ. ముగ్గురం క్షేమమే. నువ్వూ క్షేమమని తలుస్తాను.

ఈ సీజన్‌లో ఇది నాలుగో ఆపిల్ తోట. నీకు తెలియనిదేముంది, పల్లంలో చెట్లు చిగురుకి సిద్ధం కాగానే అంట్లు కట్టడం మొదలు, అక్కణ్ణుంచి ఎండ వెంబడి కొండపైకి. ఒక్కో చోట పది రోజులు. సంచీ విప్పడం కూడా మానేశాను. నిన్నటి నుంచి వాన, పని ఆగింది. నాకా కాలు నిలవదు. కాలుగాలిన పిల్లిలా ఏంటయ్యా ఆ తిరుగుడు, కూర్చుని ఎవరికైనా ఉత్తరం రాసుకోరాదూ అని ట్రాక్టరు పెద్దాయన విసుక్కున్నాడు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. అబద్ధం, గుర్తురాని రోజంటూ లేదు.

పుల్ల కోసి మొక్క చీలికలో దించడం నా వంతు, గాలి చొరకుండా టేపు చుట్టడం నీ వంతు. అందుకే మనల్ని కత్తీ టేపూ అనేవాళ్ళు. ఇప్పుడు ఏ తోటకెళ్ళినా టేపేడీ అని అడుగుతారు. పట్నంలో, గిడ్డంగిలో అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్నాడని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

పోయినేడు జరిగింది మరిచిపో. కింది తోటలో మనం కట్టిన మూడొందల అంట్లలో నలభై కూడా చిగురు వెయ్యలేదని యజమాని ఫోన్ చేస్తే, నలుగురిలో నిన్ను చేతకానివాడన్నాను. నీ కట్టు వదులై పుల్లలు ఎండిపోయాయన్నాను. ఆ మాట తోట తోటకీ పాకి, నిన్ను మళ్ళీ ఎవరూ పనికి పిలవలేదు. అయినా నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. బావ బతుకు కోరేవాడు బామ్మర్ది అని ఊరికే అన్నారా! సరే, మనిషన్నాక పొరపాటు చెయ్యడా, నేను క్షమించేశాను. మీ అక్క కూడా ఫోన్‌లో నీ సంగతి తప్ప మాట్లాడదు. పదిహేనో తారీఖున పై తోటలో పని మొదలు, అయిదొందల చెట్లు. ఎప్పట్లాగే నేను కోస్తాను, నువ్వు కట్టు. వచ్చెయ్.

ఇట్లు,
నీ బావ

తా.క.: రెండు రోజులు ఈ కవరు సంచీలో పెట్టుకు తిరిగి, ఇవాళ చింపాను.

ఈ ఉత్తరం మొదలుపెట్టకముందే, ఇక్కడికి వస్తూ ఆ కింది తోటలో దిగాను. ఎండిన అంట్లు ఒక వరస ఇంకా పీకలేదు. విప్పబోతే నా గోరు విరిగింది గానీ నీ ముడి వదల్లేదు. కత్తితో టేపు కోసి లోపల చూస్తే పుల్ల బెరడు ఒక పక్క, మొక్క బెరడు ఒక పక్క; రెండూ కలిస్తేగా అంటు పట్టేది, తప్పు నా కోతదే. అదీ యజమాని కళ్ళజోడు అడిగి పెట్టుకుంటేగానీ కనపడలేదు. నాకు చత్వారం వచ్చి రెండేళ్ళయిందిరా. చేతి అలవాటు మీదే కోస్తున్నాను. నిన్ను తిట్టిన రోజే నాకు అనుమానం ఉంది. చూపు ఆనని వాణ్ణి ఏ తోటకి పిలుస్తారని భయపడి, తప్పు నీ మీదికి నెట్టాను. నేను క్షమించడమేమిటి, నా మొహం.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. నాకు జ్వరమొచ్చిన రోజు నువ్వు ఇరవై కోశావు, ఇరవైకి ఇరవై పట్టాయి. అప్పటి నుంచి నీ చేతికి కత్తి రానివ్వలేదు.

తోటల వాళ్ళందరికీ నిన్న ఫోన్ చేసి నిజం చెప్పాను. పై తోటాయన అంతా విని, అయితే టేపుని పంపు, అయిదొందలూ అతనే కోస్తాడు, కట్టడానికి ఎవరు కావాలో అతన్నే తెచ్చుకోమను అన్నాడు. చిరునామా వెనక రాశాను. నన్ను తీసుకెళ్ళాలనిపిస్తే ఫోన్ చెయ్. లేదా ఒక్కడివే వెళ్ళు, పని మాత్రం వదలకు.