సీట్లో నాలుగో మనిషి

మంగళవారం, పడుకునే ముందు

సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి వాన. కల్లూరు దాకా నడవలేక, ఆరు నెలల తర్వాత మస్తాన్ షేర్ ఆటో ఎక్కాను. వెనక సీట్లో అప్పటికే ఇద్దరున్నారు. నేను కూర్చున్నా బండి కదల్లేదు. "ఇంకొకరు పడతారు, రాండి!" అని మస్తాన్ కేకేశాడు. ఒక పెద్దమ్మ వచ్చి నా పక్కన సర్దుకుంది.

"ఎప్పుడూ ముగ్గురినే గదా మస్తానూ ఎక్కిస్తాంటివి?" అని అడిగాను.

అద్దంలో చూసి నవ్వాడు. "నువ్వు ఎక్కిన దినం మాత్రమే ముగ్గురన్నా. ఇప్పుడు శానా తగ్గినావు."

ఇన్నేళ్లూ ఒక్క మాట అనలేదు. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

పోయినసారి అన్నం పూర్తిగా మానేసి తగ్గాను, మూడు నెలల్లో మళ్లీ ఒళ్లొచ్చింది. ఈసారి ఏదీ మానలేదు. రెండు సంగటి ముద్దలకు బదులు ఒకటి, మిగతా చోట పప్పు, ఆకుకూర, సాయంత్రం నడక. అంతే. ఆదివారం రాయచోటిలో రెండో ముద్ద వద్దంటే మా అత్త ఊరుకుంటుందా? చూడాలి...

దిగుతుంటే మస్తాన్ అన్నాడు: "రేపట్నుంచి రోజూ ఎక్కన్నా, నలుగురూ పడతాండారు."

వాన ఇంకా పడుతూనే ఉంది. ఇప్పుడే రేపటి నడకకు గొడుగు వెతికి చెప్పుల పక్కన పెట్టి వచ్చాను.