తువ్వాలు కింది రంగు

అమ్మా, నువ్వు పోయాక మొదటిసారి నా తలకు నేనే రంగు వేసుకున్నాను. రేపు పులివెందుల బోర్డు హైస్కూల్లో టీచరుగా చేరాలి. పాతికేళ్లకే నెరిసిన తలతో ఆ పిల్లల ముందు నిలబడలేను.

గోరింటాకు పెట్టి కడిగి, దానిమీద నీలి ఆకు ముద్ద పూశాను. నువ్వు పూస్తే వచ్చే నలుపు రాలేదు, గడ్డిలా పచ్చగా వచ్చింది. భయపడి పక్కింటి ఖైరూన్ అత్తను పిలిచాను.

"బయపడాకు మే! కడగతానే అట్లనే ఉంటాది. తెల్లారేతలికి నల్లబడతాది. మీయమ్మ పూసినా పచ్చగానే వచ్చేది. నువ్వు ఏడుస్తావని నీకు సూపిచ్చేది కాదు, అంతే," అంది.

అందుకేనా, కడగ్గానే నా తలకు తువ్వాలు చుట్టి, పొద్దునదాకా విప్పొద్దనేదానివి?

ఇప్పుడు నేనే చుట్టుకుంటున్నాను. ముడి నిలవడం లేదు.