మైకులో వినబడ్డ కేక

అమ్మా, నేను బాగానే ఉన్నాను. దెబ్బలేమీ తగల్లేదు, ముందే చెప్పేస్తున్నాను.

మా కాలేజీ జట్టు తయారుచేసిన రేసుకారును నిన్న టెస్టులో నేనే నడిపాను. కొత్త బ్రేకులు ఒకవైపే పట్టడంతో మలుపులో కారు గిర్రున తిరిగి గడ్డిలో ఆగింది. "అమ్మా!" అని అరిచాను. హెల్మెట్‌లో మైకు ఉంది కదా, జట్టులో అందరూ విన్నారు. బ్రేకులు బిగించిన అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "మీ అమ్మ రాలేదు గానీ, నాతో సర్దుకోవే!" అంది. అందరితోపాటు నవ్వబోయి ఏడ్చేశాను.

సాయంత్రం బ్రేకులు సరిచేశాక మళ్లీ నేనే నడిపాను. ఈసారి కారు గీత గీసినట్టు తిన్నగా వెళ్లి ఆగింది.

తమ్ముడి జ్వరం తగ్గిందా? నాన్న కళ్ళజోడు మార్పించారా? నానమ్మకు దండాలు, తమ్ముడికి ముద్దులు. మా షెడ్డులో చలి ఎక్కువ. నువ్వు రోజూ కప్పుకునే శాలువా పంపు. ఉతక్కుండానే పంపమ్మా.

నీ చిట్టితల్లి