కనక మీద నేను రాసిన కాగితం

17 జనవరి 1927, సాయంత్రం

కొండల్లో సర్కారు క్యాంపు ఆటలు అయిపోయాయి. ఈ ఏడాది ఆడవాళ్ళకి కూడా పరుగు పందెం పెట్టించాలని కలెక్టరు దొరగారికి బుద్ధి పుట్టింది. సంత మైదానం నుంచి కింద పారే గెడ్డ దాకా వెళ్ళి రావాలి. పైకొండ ఊరి కనక ఫస్టు. సెకండు వచ్చిన పిల్ల, ఈ కొండ ఊళ్ళ శిస్తు వసూలు చేసే ముఠాదారుకి మేనకోడలు. అది ఇంకా సగం దారిలో ఉండగానే కనక వచ్చేసి, మంచినీళ్ళు అడిగి తాగుతోంది. నాకు నవ్వాగలేదు.

బహుమతి ఎర్రంచు చీర. కనకకి ఇరవై దాటాయి. బక్కగా, పొడుగ్గా ఉంటుంది. పెళ్ళి కాలేదు.

18 జనవరి

ముఠాదారు అర్జీ పెట్టాడు. కనక ఆడదే కాదట. గొంతు వినండి, ఛాతీ చూడండి అని రాయించాడు. డాక్టరుగారు నన్ను పిలిచి, మిడ్‌వైఫువి నువ్వున్నావుగా అచ్చియమ్మా, చూసి రెండు ముక్కలు రాసివ్వు అన్నారు. పరిగెత్తిన మిగతా పదకొండు మందినీ చూడాలా అని అడిగాను. వాళ్ళు గెలవలేదుగా అన్నారు.

మగవాళ్ళ పరుగులో ఫస్టు వచ్చినవాణ్ణి మగవాడేనా అని ఎవరూ అడగలేదు. ఆ మాట పైకి అనలేదు. ఉద్యోగం చేసుకునేదాన్ని.

20 జనవరి, మధ్యాహ్నం

కనక తన తల్లి సోములమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. నాకోసం పసుపుకొమ్ములు తెచ్చారు. కాగితం రాస్తారంటే, గెలిచినట్టు ఇచ్చే కాగితం అనుకున్నారు పాపం. కాదని చెప్పాలి. చెప్పలేదు. తల్లిని వరండాలో కూర్చోబెట్టి తలుపు వేశాను.

చూసిందేమిటో ఇక్కడ రాయను. పదిహేనేళ్ళ పనిలో అలాంటి శరీరం చూడలేదు, అంతే. నెలసరి వస్తుందా అంటే ఎప్పుడూ రాలేదంది. ఊళ్ళో ఏమీ అనరా అని అడిగాను. అందరికీ తెలుసు, అనడానికేముంది అంది. సిగ్గుపడలేదు. నా ప్రశ్నకి ఆశ్చర్యపోయింది. చీర సర్దుకుంటూ, “బేగి రాసియ్యమ్మా. ఊళ్ళో అందరికీ సూపించాల” అంది.

21 జనవరి

మూడు కాగితాలు చింపాను. ఆడది అని రాస్తే అబద్ధమవుతుందేమో. మగవాడని రాస్తే అంతకన్నా పెద్ద అబద్ధం. చివరికి ‘నిర్ధారించలేకపోయాను’ అని రాసి సంతకం పెట్టాను. ఎవరికీ చెడు చేయని మాట అనుకున్నాను.

25 జనవరి

ఆడది అని తేలలేదు కాబట్టి కాదు అని ఆర్డరు. ఆఫీసు జవాను కొండెక్కి బహుమతి చీర వెనక్కి పట్టుకొచ్చాడు. సంతలో డప్పు కొట్టించి మరీ చెప్పించారు.

2 ఫిబ్రవరి

కొట్లవాళ్ళు కనకని మగపేరు పెట్టి పిలిచారట. అమ్మకానికి తెచ్చిన పసుపు బుట్ట సంతలోనే వదిలేసి వెళ్ళిపోయిందట.

14 ఏప్రిల్

కాన్పుకని పైకొండ వెళ్ళాను. ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి వెళ్తారు, ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు దారి కాసి పేడనీళ్ళు కొడతారు. ఏటా కనకే ముందుండేదట. ఆమె తరిమితే తప్పించుకున్న మగాడు లేడట.

ఈసారి కనక పేడ కుండ దగ్గరికి వస్తే ఎవరూ పొమ్మనలేదు. పక్కకి జరిగారు. సర్కారు కాగితం ఒకలా చెబుతోంది, పండగలో తప్పు జరిగితే వాన పడదేమోనని భయం. తెల్లారే వేటకి వెళ్ళిన మగవాళ్ళూ ఆమెని పిలవలేదు. గుమ్మంలో కూర్చుంది. సాయంత్రం వాళ్ళు ఉత్త చేతులతో వచ్చారు. ఊరంతా పేడనీళ్ళు, కేకలు, నవ్వులు. కనక మీద ఒక్క చుక్క పడలేదు.

సోములమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“నువ్వు రాసినంత వరకూ మా గుంట ఆడగుంటేనమ్మా. ఇప్పుడేటో నువ్వే సెప్పు” అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమెకి రాలేదు.

15 ఏప్రిల్

ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా లేని ప్రశ్నని నేను మోసుకెళ్ళి ఇచ్చాను.

9 జూన్

కనక వెళ్ళిపోయింది. కొండ దిగి సాలూరు చేరి, అస్సాం తేయాకు తోటలకి మనుషుల్ని తీసుకెళ్ళేవాళ్ళతో పోయిందట. తనని ఎవరూ ఎరగని చోట పని చేసుకుంటానని తల్లితో చెప్పిందట. అక్కడ పేరు రాసుకునేటప్పుడు కూడా ఆడా మగా అని అడుగుతారు. ఆ సంగతి సోములమ్మతో అనలేకపోయాను.

3 జనవరి 1928

మళ్ళీ క్యాంపు. ఈసారి గొడవ రాకుండా, పరిగెత్తే ఆడవాళ్ళందరినీ ముందే చూడాలట. అచ్చు ఫారాలు ఇరవై పంపారు. ఇవాళ ఎవరూ రాలేదు.

5 జనవరి

ఇవాళా ఎవరూ రాలేదు. ఒక ఫారం నేనే నింపాను.

పేరు అచ్చియమ్మ. వయసు నలభై నాలుగు. ఛాతీ చదును. గొంతు బొంగురు. నెలసరి ఆగిపోయింది. కాన్పులు లేవు.

డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. చదివి, నీ సంగతి ఎవరడిగారు అన్నారు.

కనక సంగతీ గెలిచేదాకా ఎవరూ అడగలేదండీ అన్నాను.