రెండు తాళాల పీర్లకొట్టం

హైదరాబాదు,
2 మే 1961

పూజ్యులైన మామయ్య లక్ష్మీరాజం గారికి, మేనల్లుడు రామచంద్రం నమస్కరించి రాయునది.

నేను విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న సంగతి మీకు తెలిసిందే. విషయం: గోదావరి సరిహద్దు గ్రామాలలో భద్రత, మత సంఘర్షణలు, పొరుగు రాష్ట్రంతో సంబంధాలు. మన ఏటిపల్లి సరిగ్గా సరిహద్దు మీద ఉన్నందున, ఈ మూడింటి గురించి ఉన్నది ఉన్నట్లు రాసి పంపగలరు.

ఇట్లు,
మీ విధేయుడు రామచంద్రం

తా.క.: అత్తయ్య పంపిన మామిడికాయ తొక్కు అందినది. అది పరిశోధనకు సంబంధించినది కాదు.

---

ఏటిపల్లి, మంథని తాలూకా,
9 మే

అల్లుడు రామచంద్రం సల్లగుండాలని దీవించి మీ మామ రాసేది.

నాకు గారు గీరు పెట్టకు బిడ్డా, ఎవలో తాసిల్దారుకు రాసినట్టున్నది. నువ్వడిగినయి చెప్తున్న, రాసుకో.

భద్రత అంటవా, మన ఊర్లె ఎవలింటికీ తాళంకప్ప లేదు. పీర్లకొట్టానికి సుత తాడే కడుతం, కుక్కలు సొర్రకుండ.

మత సంఘర్షణ లేదు. కొట్లాటలైతే శానున్నయి. నిన్న శంకరవ్వ రోకలి వట్టుకొని ఉరికింది గని, అది ఆమె పెనిమిటి మీదికే. ఇద్దరిదీ ఒక్కటే మతం.

పొరుగు రాష్ట్రమంటే గంగవతలి, అదే గోదారవతలి సిరొంచనే కద. దాన్ని మొదలు మధ్యప్రదేశ్ అన్నరు, తర్వాత బొంబాయి అన్నరు, పోయినేడు సంది మహారాష్ట్ర అంటున్నరు. మన ఇమాంసాబు బిడ్డను ఆడనే ఇచ్చిండ్రు. ఆ పిల్ల ఇల్లు మారలే, రాష్ట్రాలే మూడు మారినయి. ఎండకాలం మన బర్లు అటు ఈదుకుంట పోతయి, పొద్దుగూకంగ వాటంతట అవే వస్తయి. నాకైతే ఆ రాష్ట్రంతోని ఏ సంబంధం లేదు.

ఇగ ఉంట,
మీ మామ

తా.క.: వచ్చే నెల పీర్ల పండుగ. ఎప్పటిలెక్కనే మన సాలె రాయమల్లు పీరు ఎత్తుతడు, ఇమాంసాబు ఊదు ఏస్తడు, నేను గుండం తవ్విస్త. నువ్వొస్తే బాగుండు.

---

హైదరాబాదు,
15 మే

మామయ్య గారికి నమస్కారములు.

మీ ఉత్తరంలో తాజాకలమే అన్నిటికన్నా విలువైనది. పీర్లకు పూజారి ఒక మతం వాడు, మోసేవాడు ఇంకొక మతం వాడు. అక్కడ సంఘర్షణ లేదనడం శాస్త్రీయం కాదు. తప్పకుండా ఉంటుంది, లోపల ఉంటుంది. కనుక మీరు ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: పీరును ఎత్తే హక్కు ఎవరిది? విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరిని అడగాలి. అదే పద్ధతి.

విధేయుడు
రామచంద్రం

తా.క.: శంకరవ్వ సంగతి ఇక రాయనక్కరలేదు.

---

ఏటిపల్లి,
25 మే

అల్లుడికి మామ దీవెనలు.

నువ్వు చెప్పిన పద్ధతి తోనే అడిగిన. రాయమల్లును మా బర్ల కొట్టం ఎనుకకు పిలిచి అడిగిన. "మా తాత ఎత్తిండు, మా బాపు ఎత్తిండు, నా భుజం కాయగాసింది. గిప్పుడు హక్కు లేదని ఎవలన్నరు?" అన్నడు. ఎవలనలే అన్న. "మరి గిట్ల సాటుకు పిలిచి ఎందుకడుగుతున్నవ్?" అన్నడు.

ఇమాంసాబును గంగొడ్డుకు తోలుకపోయిన. మొదలు నవ్విండు. తర్వాత, "నిన్ను రాయమల్లు పంపిండా?" అని అడిగిండు. నేనూ రాయమల్లూ కొట్టం ఎనుకనుంచి వచ్చుడు ఆయన చూసిండట. మన ఊర్లె ఇద్దరు సాటుకు మాట్లాడుకున్నరంటే అది మూడోని మీదనే. ఇది పసిపోరగాండ్లకు సుత ఎరుకే. నాకే యాదికి రాలే.

ఇమాంసాబు మంథని పోయి తాళం తెచ్చి పీర్లకొట్టానికి ఏసిండు. నాకు మనసున పడుతలేదు. ఇద్దర్నీ మా అరుగు మీద కూసోబెట్టి, 'మా అల్లుడు పట్నంల సదువుతుండు, అడుగుమన్నడు, అడిగిన, ఇందుల ఇంకేం లేదు' అని చెప్తే ఒక్క చాయ తాగేలోపల్నే ఒడుస్తది. చెప్పన్నా? జర జల్ది రాయి.

మీ మామ

తా.క.: రాయమల్లు గూడ మంథని పోయొచ్చిండు. ఆయన తాళం ఇంకింత పెద్దగున్నది.

---

హైదరాబాదు,
31 మే

మామయ్య గారికి,

చాలా సంతోషం. నేను ఊహించినట్లే జరిగింది. దయచేసి రాజీ చేయవద్దు. మనం కలుగజేసుకుంటే ఫలితం చెడిపోతుంది. పండుగ అయ్యేదాకా మీరు ఎవరితోనూ ఏమీ అనకుండా, చూస్తూ మాత్రం ఉండండి.

రామచంద్రం

తా.క.: వీలైతే రెండు తాళాల కొలతలు పంపగలరు.

---

ఏటిపల్లి,
26 జూన్

అల్లుడికి,

నువ్వు చెప్పినవని నోరు మూసుకున్న. సదువుకున్నోడు, ఎరుకుండే చెప్పిండనుకున్న.

పండుగొచ్చింది, పోయింది. గుండం తవ్వలే. ఇమాంసాబు తన తాళం కాడ కూసున్నడు, రాయమల్లు తన తాళం కాడ కూసున్నడు. ఉన్నది ఒక్కటే తలుపాయె, ఒకరి మోకాలు ఒకరికి తగులుతున్నది గని మాట లేదు. ముందుగాల ఆయన తీస్తేనే నేను తీస్త అని ఇద్దరి మొండితనం. పదో నాడు సుత పీర్లు చీకట్లనే ఉన్నయి. రాయమల్లు పెండ్లాం అనసూర్య ఎప్పటి తీరు పీర్లకు మలీద ముద్దలు చేసుకొచ్చి, తలుపు ముంగట పెట్టి, కండ్లు తుడుచుకుంట పోయింది. చీమలు తిన్నయి. నేను చూసుకుంట ఉన్న, నువ్వు చెప్పినట్టే.

ఒక్కటి చెప్త విను. రజాకార్ల దినాలల్ల ఇమాంసాబు నన్ను తన వడ్ల గుమ్మిల దాసిండు. తర్వాత యూనియన్ మిలట్రీ వచ్చినప్పుడు ఆయన్ను నేను మా గుమ్మిల దాసిన. 'నీ గుమ్మి ఇరుకు లక్ష్మీరాజం, నా నడుము వట్టింది' అని పదమూడేండ్ల సంది వెక్కిరిస్తనే ఉన్నడు. ఇది నీకు ముందే రాయలే. నువ్వు కొట్లాటలు అడిగినవు, ఇది కొట్లాట కాకపాయె.

మామ

తా.క.: ఇమాంసాబు తాళం నా బొటనేలంత. రాయమల్లుది అరచెయ్యంత. ఇంకేమన్న కొలువాల్నా?

---

హైదరాబాదు,
6 జూలై

మామయ్య గారికి నమస్కారములు.

మీ శ్రమకు కృతజ్ఞుణ్ణి. కానీ మా ఆచార్యుల వారు ఏటిపల్లి అధ్యాయం మొత్తం తీసేయమన్నారు. ఎవరికీ దెబ్బలు తగలలేదు, ఊరు మరీ చిన్నది అన్నారు. గుమ్మి సంగతి ఆయనకు నచ్చింది గానీ, అది సంఘర్షణ కిందికి రాదు గనుక చేర్చడానికి వీలు కాదట. మీరేమీ బాధపడవద్దు. నాకు వేరే ఊరు దొరికింది.

విధేయుడు
రామచంద్రం

తా.క.: ఇక మీరు వారిద్దరికీ రాజీ చేయవచ్చును. నాకు అభ్యంతరం లేదు.

---

ఏటిపల్లి,
20 జూలై

బిడ్డా రామచంద్రం,

నువ్వు రాజీ చెయ్యమన్న ఉత్తరం వట్టుకొని ఇమాంసాబు ఇంటికి ఉరికిన. ఇంట్ల ఎవలు లేరు. గంగకు నీళ్లు రాకముందే పోతనని తెల్లారంగ పడవెక్కి సిరొంచకు, బిడ్డ కాడికి ఎల్లిపోయిండట. నాకు చెప్పకుంట పోయిండు. పడవాయనతోని ఒక్క మాట చెప్పి పంపిండు: 'లక్ష్మీరాజం అడిగిన దానికి ఆలోచన చేసిన. హక్కు రాయమల్లుదే అని రాసుకొమ్మను.'

తన తాళంచెవి రాయమల్లు గడప మీద పెట్టి పోయిండు. గిప్పుడు రెండు తాళంచెవులూ రాయమల్లు కాడనే ఉన్నయి. తీస్తలేడు. మొగ్గం మీద కూసుంటలేడు, పీర్లకొట్టం ముంగట కూసుంటున్నడు. తియ్యరాదు రాయమల్లూ అంటే, "ఊదు ఎవలేస్తరు?" అంటడు. ఆ హక్కు తనకు వద్దట, వాపసు తీసుకొమ్మని నీకు రాయమన్నడు. ఎట్ల తీసుకుంటరో నాకు తెల్వదు. మీ పద్ధతిల ఉంటే రాయి.

నిన్ను ఒక్కన్నే అంటలేను. అడుగుమన్నది నువ్వు, అడిగింది నేను. చాయ తాగేలోపల ఒడిసే మాట నా నోట్లె ఉండె. చెప్పక ఊకున్నది సుత నేనే. రాత్రి బువ్వ సయిస్తలేదు.

మంచిగ తిను. మంచిగ సదువు.

మీ మామ లక్ష్మీరాజం

తా.క.: పొరుగు రాష్ట్రంతోని నాకు ఏ సంబంధం లేదని మొదటి ఉత్తరంల రాసిన. అది కొట్టెయ్యి. ఉన్నది. గంగ నిండ పారుతున్నది, దసరా దాక పడవ నడవదంటున్నరు. నడిచిన మొదటి పడవకు పోత. వడ్ల గుమ్మి వెడల్పు చేయించిన, రమ్మని అడుగుత. వస్తడో, రాడో.