ఎడమ చేతి బ్యాటు

అమ్మా,

మోకాలు నయమే, కంగారు పడకు. కాకపోతే డాక్టరు చెప్పినట్టే ఆదివారం షటిల్ మానేశాను. బ్యాటూ, కిట్టు సంచీ నిన్న ఒక నర్సమ్మకి అమ్మేశాను. ఆవిడ బ్యాటు పిడి తడిమి చూసి, "పట్టీ తిరగేసి చుట్టారే. మీదీ ఎడమ చేతి వాటమేనా?" అంది.

"ఆటలో మాత్రమేనండీ. రాసేదీ తినేదీ కుడిచేత్తోనే."

"అయితే చిన్నప్పుడు ఎవరో మార్పించి ఉంటారు. మా వాళ్లకి నన్ను మార్చడం చేతకాలేదు" అని బ్యాటు చంకన పెట్టుకుని చక్కా పోయింది.

అప్పట్నుంచీ అదే నా బుర్ర తొలిచేస్తోంది. ఇన్నేళ్లు ఆడాను గానీ, బ్యాటు ఎడమ చేతికే ఎందుకొచ్చిందో ఎన్నడూ ఆలోచించలేదు. మార్పించింది నువ్వా, నాన్నా? నేను ఏడ్చానా? కోపమేం లేదు, తెలుసుకుందామని అడుగుతున్నా.

పెరటి తలుపుకి గొళ్లెం పెట్టించారా? బీరువాలో నా పాత స్వెట్టరు చెల్లిని వాడుకోమను. దానికి నా ఆశీస్సులు, నాన్నకి నమస్కారాలు.

ఆట మానేశాక ఎడమ చేతికి పని లేకుండా పోయింది కదా, ఇక్కణ్నుంచి దాంతోనే రాస్తున్నాను. ఈ వంకర టింకర అక్షరాలు నువ్వు ఇంతకుముందు ఎప్పుడైనా చూశావా అమ్మా?

నీ పెద్దాడు