మంగళవారం కటింగ్

మంగళవారం, రాత్రి

మంగళవారం కత్తెర ముట్టకపోవడం మా ఇంటి ఆనవాయితీ. బీదర్‌లో కటింగ్ దుకాణం పెట్టినప్పటి నుంచి తప్పలేదు. ఈ రోజు తప్పింది. ఇక్కడి ఎయిర్‌ఫోర్స్‌లో విమానం నడపడం నేర్పే రవి సారు రేపే సరిహద్దుకు పోతున్నాడు. నేను లోపల ఊడుస్తుంటే దుకాణం తలుపు కొట్టి, "మామా, జర కటింగ్ చెయ్యి. హెల్మెట్ కింద వెంట్రుకలు కుచ్చుకుంటున్నయ్" అన్నాడు. కాదనలేకపోయాను.

తెరిచిన తలుపు చూసి పక్క పాన్ డబ్బా మల్లయ్య పేపర్ పట్టుకుని వచ్చాడు.

"ఏం సారూ, లడాయి అయితదా? తప్పు ఎవలదంటవ్?"

"అది ఓట్లేసే మీరు చెప్పాలె మల్లన్నా. మాకు ఎక్కుమంటే ఎక్కుడే."

"నౌకరీ ఇడిచిపెడత, మందిని తీస్కపోయే విమానం నడుపుత అంటివి గద?"

"రాజీనామా రాసిచ్చిన. ఇప్పుడు ఆగుమన్నరు." సారు నవ్వాడు. "మంచిగనే అయింది. నా దగ్గర నేర్చుకున్న పోరగాళ్లు ముందుగల్లనే పోయిండ్రు. నేను టీవీల చూసుకుంట కూసుంటనా?"

మల్లయ్య పేపర్ మడిచి చంకలో పెట్టుకున్నాడు. నేను మెడ వెనక కత్తితో నెమ్మదిగా అంచు తీశాను.

ఇంటికొస్తే నా భార్య రాజవ్వ, "మంగళారం కత్తెర ముట్టినవా? ఆ పిల్లగానికి ఏమన్న అయితే?" అంది. ఆ మాటకు భయం కూడా వేయలేదు, నా మనసు ఇంకో దాని మీద ఉంది. అన్నం తిన్నాను. రుచి తెలియలేదు.

ఎప్పుడూ పని అయ్యాక మెడ మీది బట్ట దులిపి, "మళ్ల రా సారూ" అంటాను. ఈ రోజు అన్నానా లేదా అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. గుర్తు రావడం లేదు.